గోదావరి మాటలు, వాటికి సరదా అర్థాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది కోనసీమలో కాలువ గట్టు మీద ఊరు. చాలా ఏళ్లుగా ఇక్కడి మాటల్ని ఒక నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను. ఎడమ పేజీలో మాట, దాని అసలు అర్థం. కుడి పేజీలో ఆ మాటకు ఎవరైనా చెప్పిన సరదా అర్థం, లేదా నాకు తోచింది. పెళ్లి భోజనాల దగ్గర, బస్సులో, పంటు మీద ఈ పుస్తకం చూసినవాళ్లు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. అందుకే జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను.

సరదా నిర్వచనం అంటే ఏమిటి? జోకుకీ దానికీ తేడా ఏమిటి?

జోకుకు కథ కావాలి, అందులో ఇద్దరు ముగ్గురు మనుషులు కావాలి. నిర్వచనానికి ఒక్క మాట చాలు. నిఘంటువులో లాగే ముందు మాట వస్తుంది, పక్కన అర్థం వస్తుంది. ఆ అర్థం నిఘంటువు చెప్పేది కాదు. కానీ విన్నవాళ్లు నవ్వి, వెంటనే "నిజమే కదా" అనాలి. "నిజమే కదా" అనిపించకపోతే ఎంత నవ్వొచ్చినా నేను రాసుకోను.

ఒక ఉదాహరణ. సఖినేటిపల్లి నుంచి నరసాపురం వెళ్లాలంటే గోదావరి పాయ వశిష్ఠ దాటాలి. మనుషుల్నీ బైకుల్నీ కార్లనీ ఎక్కించుకుని దాటించే వెడల్పాటి పడవని పంటు అంటాం. ఎడమ పేజీలో ఇంతే ఉంది. కుడి పేజీలో ఇలా ఉంది:

పంటు: మనం రేవుకు చేరేసరికి ఎప్పుడూ అవతలి ఒడ్డున ఉండేది.

ఆ రేవులో ఒక్కసారి నిలబడినవాళ్లకు దీన్ని వివరించి చెప్పక్కర్లేదు.

ఇది మనదేనా, ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్నదా?

ఇంగ్లీషులో దీనికి పెద్ద చరిత్రే ఉంది. 1755లో శామ్యూల్ జాన్సన్ అచ్చు వేసిన నిఘంటువు హాస్యపుస్తకం కాదు, నిఖార్సయిన నిఘంటువు. అయినా అందులో ఓట్స్‌కి ఇచ్చిన అర్థం ఇది: ఇంగ్లండులో మామూలుగా గుర్రాలకు పెట్టే ధాన్యం, స్కాట్లండులో మాత్రం మనుషుల్ని పోషిస్తుంది. నిఘంటుకారుడు అనే మాట దగ్గర తన వృత్తినే పెట్టి, ఎవరికీ హాని చెయ్యని గొడ్డుచాకిరీ మనిషి అని రాశాడు. ఇప్పుడు ఓట్స్ మన ఊళ్లలో షుగరున్నవాళ్ల ఇళ్లకీ వచ్చాయి కాబట్టి మొదటిది మనకీ అర్థమవుతుంది.

కానీ ఈ అలవాటు మనకు అక్కడి నుంచి రాలేదని నా నమ్మకం. పొడుపు కథ అంటే ఏమిటి? తిరగేసిన నిర్వచనం. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు" అంటే కనురెప్పలు. అర్థం ముందు చెప్పి మాటని వెతకమంటుంది. మనం మాట ముందు చెప్పి అర్థాన్ని వెనకాల తీసుకొస్తున్నాం, అంతే. చిన్నప్పుడు వెన్నెల్లో పొడుపు కథలు విప్పినవాళ్లకు ఈ పని నేర్పించక్కర్లేదు.

మొదలుపెట్టడానికి ఎలాంటి మాటలు తీసుకోవాలి?

పని మాటలు. ప్రేమ, పెళ్లి, రాజకీయం లాంటి పెద్ద మాటలకు అందరూ రాస్తారు, అందరూ ఒకలాగే రాస్తారు. చేలో, తోటలో, రేవులో వాడే మాటలకు ఎవరూ రాయలేదు. పైగా వాటిలో హాస్యం ముందే దాగి ఉంటుంది. పని ఎలా జరుగుతుందో తెలిస్తే అదే బయటికి వస్తుంది.

వరితో మొదలుపెట్టండి. మా దగ్గర తొలకరి పంటని సార్వా అంటాం, రెండో పంటని దాళ్వా అంటాం. సార్వాకు వాన ఉంటుంది, గోదావరి నిండుగా ఉంటుంది. దాళ్వాకు రెండూ తగ్గుతాయి. ఎగువన సీలేరు జలాశయాల నుంచి నీళ్లు వదిలితే తప్ప గట్టెక్కని ఏళ్లుంటాయి. వంతులవారీగా కాలువ నీళ్లు వదులుతారు. అందుకే:

దాళ్వా: కాలువలో నీళ్లొస్తాయా రావా అనే ప్రశ్నను ఎకరాల్లో నాటడం.

విత్తనం చల్లి నారు పెంచే చిన్న మడిని ఆకుమడి అంటారు. ఇరవై, పాతిక రోజులకి ఆ నారు పీకి, కట్టలు కట్టి, వేరే చేలో నాటుతారు.

ఆకుమడి: వరికి పుట్టిల్లు.

దీన్ని మా మేనత్త చెప్పింది. చెప్పాక ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. నవ్వించని సరదా అర్థం కూడా ఉంటుందని నాకు ఆరోజే తెలిసింది.

నాటడాన్ని ఊడ్చడం అంటాం, ఆ పనుల్ని ఊడ్పులు అంటాం. ఇల్లు చిమ్మడాన్నీ ఊడ్చడమే అంటాం.

ఊడ్చడం: ఇంట్లో అయితే ఉన్నది తీసెయ్యడం, చేలో అయితే లేనిది పెట్టడం.

ఊడ్పులకు ముందు చేలో నీళ్లు పెట్టి, దున్ని, మెత్తటి బురదగా చెయ్యడాన్ని దమ్ము చెయ్యడం అంటారు. పూర్వం ఎడ్లు, ఇప్పుడు ఇనప చక్రాలు వేసిన ట్రాక్టర్లు. ధైర్యాన్నీ దమ్మే అంటాం కదా.

దమ్ము: ట్రాక్టరు చేసేది, రైతుకు ఉండాల్సింది.

నా పుస్తకంలో అందరికీ బాగా నచ్చేది ఇదే. దీన్ని చదివిన రైతులు నవ్వి ఊరుకోరు, ఆ ఏడాది పెట్టుబడి లెక్క చెప్పడం మొదలుపెడతారు. మాట అంత దూరం తీసుకెళ్లాలి.

పెద్ద కాలువ నుంచి చేలోకి నీళ్లు తెచ్చే సన్న పిల్లకాలువ బోదె. దీనికి కుడి పేజీలో నాలుగు అర్థాలున్నాయి, నాలుగూ తగాదాల గురించే. ఒకటి చెబుతాను:

బోదె: రెండు చేల మధ్య నీళ్లు పారించి, రెండిళ్ల మధ్య మాటలు ఆపేసేది.

కొబ్బరి మాటల గురించి చెప్పండి. అందరూ అవే అడుగుతారు కదా?

కోనసీమ అంటే కొబ్బరి కాబట్టి అడుగుతారు. ఈ తోటల్లో ఉన్నన్ని మాటలు పెద్ద నిఘంటువుల్లో కూడా ఒకచోట దొరకవు. గెల, మట్ట, ఈనె, పీచు, డొక్క, చిప్ప అందరికీ తెలిసినవే. కాయలు కోసి కిందికి దించడం దింపు. పీచు తీసెయ్యడం ఒలుపు. కాయని నెలల తరబడి నిలవ ఉంచితే లోపలి నీళ్లు పూర్తిగా ఇంకి, కొబ్బరి చిప్పనుంచి విడి ఉండలా అవుతుంది. అది కురిడీ. అంబాజీపేట మార్కెట్ ధరల్లో కురిడీని గండేరా, గటగటా అని రెండు రకాలుగా వెయ్యి కాయల లెక్కన చెబుతారు. గండేరాకు ధర ఎక్కువ. నీటికాయ, ముక్కుడుకాయ అనే మాటలు కూడా అక్కడివే. చిన్నప్పుడు రోజూ పేపర్లో ఆ ధరల పట్టిక చదువుతూ ఉంటే "గటగటా" దగ్గర నాకు పద్యం చదివినట్టుండేది. మాటల మీద ఇష్టం నాకు మొదట అక్కడే పుట్టింది.

కురిడీ: నీళ్లన్నీ పోయాక విలువ వచ్చేది.

దింపు విషయంలో నా వల్ల ఒక పొరపాటు జరిగింది. మొదట ఆ మాటకు నేను రాసుకున్నది "చెట్టెక్కి డబ్బులు దింపుకోవడం". మా తోటలో దింపు తీయడానికి వచ్చిన ఒకాయనకు వినిపించాను. ఆయన నవ్వలేదు. "డబ్బులు చెట్టు మీద లేవు బాబూ, పడితే నడుం మాత్రం కిందే ఉంటుంది" అన్నాడు. వానాకాలం మాను ఎలా జారుతుందో, పైకి వెళ్లాక గాలి ఎలా ఊపుతుందో, తన ఈడు వాళ్లలో ఎంతమంది ఈ పని మానేశారో నెమ్మదిగా చెప్పాడు. ఇంటికొచ్చి ఆ పేజీ కొట్టేశాను. నేను రాసింది తోట యజమాని గుమ్మంలో కూర్చుని చూస్తే కనిపించేది. మాట మాత్రం చెట్టు మీద ఉన్న మనిషిది. ఇప్పుడు కుడి పేజీలో ఉన్నది ఇది, దీన్ని మళ్లీ ఆయనకే వినిపించాను:

దింపు: ఎక్కితే తప్ప జరగనిది.

ఆయన నవ్వి, "ఇది ఉంచు" అన్నాడు.

నీళ్ల మాటలు?

డెల్టాకు మూలం ధవళేశ్వరం. అక్కడ ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. చిత్రం ఏమిటంటే, ఇంగ్లీషువాళ్లకు ఈ కట్టడానికి సొంత మాట చాల్లేదు. తమిళంలోని అణైకట్టుని తీసుకుని "ఆనికట్" అని తమ పుస్తకాల్లోకి ఎక్కించుకున్నారు. అది మన ఆనకట్టకు తోబుట్టువే. మనం మాత్రం వాళ్ల "లాక్"ని తీసుకుని లాకులు చేసుకున్నాం. కాలువలో ఒకచోట నీటిమట్టం ఎక్కువగా, ఇంకోచోట తక్కువగా ఉంటే పడవలు దాటడానికి కట్టినవి లాకులు. రెండు జతల తలుపుల మధ్య పడవని ఆపి, నీళ్లు నింపి పైకి లేపుతారు, లేదా వదిలి కిందికి దించుతారు. ఇప్పుడు సరుకు పడవలు లేవు. కానీ ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకులు చూడటానికి జనం వస్తూనే ఉంటారు.

లాకు: తాళంచెవి అక్కర్లేకుండా నీళ్లతో తెరుచుకునే తాళం.

నది పాయల మధ్య, చుట్టూ నీళ్లున్న నేల లంక. లంకల్లో అరటి, కూరగాయలు, పొగాకు బాగా పండుతాయి. వరదొస్తే దారి మునుగుతుంది, తాగే నీళ్లు పడవ మీద రావాలి.

లంక: ఎటు చూసినా నీళ్లే ఉండి, బిందెతో నీళ్ల కోసం ఎదురుచూసే చోటు.

ఏటా మొదటి వరదతో నది రంగు మారుతుంది. "ఎర్రనీరు వచ్చింది" అంటారు. పులస చేప మాటలు మొదలయ్యేదీ అప్పుడే.

ఇక హెచ్చరిక. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ అంకెలు లంక ఊళ్లలో పిల్లలకు కూడా నోటికి వచ్చు. మొదటి హెచ్చరికకు కుడి పేజీలో "గేదెల్ని గట్టెక్కించే వేళ" అని ఉంది. మూడో హెచ్చరిక ఎదుటి పేజీ ఖాళీగా ఉంది. 1986 ఆగస్టు వరద చూసినవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. అది అలాగే ఖాళీగా ఉంటుంది.

"ఆయ్" అనే మాటకు అసలు అర్థం ఏమిటి?

అవును, సరే, విన్నాను, అలాగే కానివ్వండి. ఈ నాలుగూ. మర్యాద ఉంటుంది కాబట్టి చిన్నవాళ్లు పెద్దవాళ్లతో ఎక్కువగా అంటారు. సినిమాల్లో గోదావరి మనిషి అనగానే వాక్యానికి రెండు ఆయ్‌లు, మూడు అండీలు తగిలించి నవ్విస్తారు. అది నాకు బాధగానే ఉంటుంది. ఎందుకంటే ఆయ్ వాడటంలో లెక్క ఉంది. ఎవరు అడిగారు, ఏం అడిగారు, ఎంతసేపు సాగదీయాలి అన్నది పలికేవాళ్లకు తెలుసు. పొట్టి ఆయ్‌కి, సాగే ఆయ్‌కి అర్థం వేరు.

ఆయ్ (పొట్టిది): విన్నాను, చేస్తాను.
ఆయ్ (సాగేది): విన్నాను.

ఇదే వరసలో వెటకారం. మా పలుకుబడిలో మాట మొదట్లో వె, వి ఉంటే వకారం చాలాసార్లు జారిపోతుంది. వెళ్లొస్తాను అన్నది ఎల్లొత్తాను అవుతుంది, వినండి అన్నది ఇనండి అవుతుంది, వెటకారం ఎటకారం అవుతుంది.

ఎటకారం: పొగడ్త అనుకుని సంతోషంగా ఇంటికెళ్లాక, రాత్రి అన్నం దగ్గర అర్థమయ్యేది.

"కాఫీ గీఫీ"లో గీఫీకి అర్థం ఉందా?

ఉంది. ఇది తెలుగు వ్యాకరణంలో అందమైన పద్ధతి. మాటను రెండోసారి చెబుతూ మొదటి అక్షరాన్ని గి లేదా గీ చేస్తాం. హ్రస్వమైతే గి, దీర్ఘమైతే గీ. పులి గిలి, పాము గీము, పంటు గింటు. దానివల్ల "అలాంటివి ఇంకేమైనా" అనే అర్థం వస్తుంది. ఏ కొత్త మాట వచ్చినా దీనికి లొంగుతుంది. ఫోను గీను, లింకు గింకు అని పిల్లలు కూడా తప్పు లేకుండా అంటారు.

గీఫీ: కాఫీ అడిగిన ప్రతిసారీ పేరు వినిపిస్తుంది, గ్లాసులో ఎవరికీ కనిపించదు. పళ్లెంలో చూడండి, జంతికలే గీఫీ.

ఈ రెండో వాక్యం చేర్చింది మా చిన్నమ్మ. అసలు అర్థం కూడా అదే కదా! సరదా అర్థం, అసలు అర్థం ఇలా ఒకచోట కలిసినప్పుడు నాకు కలిగే సంతోషం ఇంకే పనిలోనూ కలగదు.

పాత కొలతల మాటలు ఇప్పుడు ఎవరికి తెలుసు? వాటితో ఆడుకోవచ్చా?

తప్పకుండా. నాలుగు గిద్దలైతే ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. కిలోలు వచ్చాక ఇవి అటకెక్కాయి. మా ఇంట్లో ఇత్తడి సోల ఇప్పటికీ బియ్యం డబ్బాలో ఉంది. వంట చేసేవాళ్లు కిలోల్లో కాదు, సోలల్లోనే అన్నం లెక్క వేస్తారు.

మా వైపు కొంచెం అన్నది పలుకుబడిలో కుంచెం అవుతుంది. విందులో ఆ పలుకుబడి వల్ల ఏం జరుగుతుందో వేరే చెప్పాలా?

కుంచెం: తినేవాళ్ల లెక్కలో గిద్ద, వడ్డించేవాళ్ల లెక్కలో కుంచం.

కుంచం అనే కొలత తెలియకపోతే ఇది సగమే పండుతుంది. కాబట్టి ఎడమ పేజీ తప్పనిసరి.

తిండి మాటలకు ఏమైనా ఉన్నాయా?

చాలా ఉన్నాయి, రెండు చెబుతాను. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోర్లించిన వేడి కుండ మీద, పలచటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డని ఒక్కసారి పరిచి తీస్తే రేకు వస్తుంది. పూత పూస్తే వచ్చే రేకు కాబట్టి పూతరేకు. పేరే నిర్వచనం.

పూతరేకు: నోట్లో పెట్టుకున్నాక ఉందో లేదో తేల్చుకోవడానికి రెండోది తినాల్సి వచ్చేది.

రెండోది పులస. సముద్రంలో ఉన్నప్పుడు విలస అంటారు. వరద నీటికి ఎదురీదుతూ గోదావరిలోకి వచ్చాక అదే చేపని పులస అంటారు. పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత.

పులస: ఏటికి ఎదురీది పేరు, ధర రెండూ మార్చుకున్న చేప.

తీర్థం అంటే మీ దగ్గర వేరే అర్థమా?

గుళ్లో ఇచ్చేదీ తీర్థమే, జాతరా తీర్థమే. కనుమ రోజు జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థానికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి పదకొండు రుద్రులు, అంటే శివుడి రూపాలు, ప్రభల మీద వస్తారు. ప్రభ అంటే వెదురుతో ఎత్తుగా కట్టి అలంకరించిన చట్రం. కొన్ని ప్రభల్ని భుజాల మీద మోస్తూ చేల మీదుగా, కౌశికలో నడుం లోతు నీళ్లలోంచి దాటిస్తారు.

తీర్థం: గుళ్లో అయితే మన అరచేతిలో పట్టేది, జగ్గన్నతోటలో అయితే ఊళ్లన్నీ కలిసినా ఇంకా చోటు ఉండేది.

ఈ మాటలకు అసలు అర్థాలు ఎక్కడ వెతకాలి?

మొదట మనుషుల దగ్గర. తర్వాత పుస్తకాలు. సి.పి. బ్రౌన్ తెలుగు ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది, ఆనకట్ట పూర్తయిన ఏడే. ఆయన కొంతకాలం రాజమండ్రిలో ఉద్యోగం చేశారు. పుస్తకాల మాటలతో పాటు జనం నోట నానిన మాటలు కూడా అందులో ఎన్నో ఉన్నాయి. సూర్యరాయాంధ్ర నిఘంటువుని పిఠాపురం మహారాజా పోషించారు. దాని వెనక ప్రధానంగా పనిచేసిన జయంతి రామయ్య పంతులు పుట్టింది కోనసీమలోని ముక్తేశ్వరంలో. మొదటి సంపుటం 1936లో వచ్చింది. కావ్యాల్లో మాటలకు అంతకంటే పెద్ద దిక్కు లేదు.

పని మాటలకు మాత్రం మాండలిక వృత్తి పదకోశం చూడాలి. భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లో వచ్చింది. ఊరూరా తిరిగి, నాగలి పట్టినవాళ్లను అడిగి రాసుకున్న పుస్తకం అది. ఒకే పనిముట్టుకు జిల్లా జిల్లాకు పేరు ఎలా మారుతుందో అందులో చూడొచ్చు. తెలుగువాళ్లు చేసిన గొప్ప పనుల్లో ఇదొకటని నేను గట్టిగా నమ్ముతాను. దాని పేరు తెలిసినవాళ్లు ఇంత తక్కువమంది ఎందుకున్నారో నాకు అర్థం కాదు.

అచ్చం నిఘంటువులో లాగే రాయాలంటే?

పాత నిఘంటువుల గుర్తులు వాడండి. దే. అంటే దేశ్యం (అచ్చ తెలుగు మాట), వి. అంటే విశేష్యం (నామవాచకం), విణ. అంటే విశేషణం. "దింపు. దే. వి." అని గంభీరంగా మొదలుపెట్టి, ఆ గంభీరత చెడకుండానే అర్థం చెప్పాలి. ఒక వాక్యం చాలు, రెండు ఎక్కువ. ఆశ్చర్యార్థకం పెట్టొద్దు. నవ్వు వచ్చే మాట వాక్యం చివర్లో ఉండాలి. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి ఈ పని మనకు సులువు. "ఎక్కితే తప్ప జరగనిది" అన్నదాన్ని తిప్పి రాసి చూడండి, పేలదు.

నిర్వచనం అనే మాటకే రెండు అర్థాలున్నాయని విన్నాను?

అవును. ఒకటి మనం మాట్లాడుకుంటున్నది. ఇంకోటి, వచనం లేనిది అని. ఎక్కడా వచనం లేకుండా అంతా పద్యాల్లో రాసిన కావ్యాన్ని నిర్వచన కావ్యం అంటారు.

వేటి మీద రాయకూడదు?

భార్యల మీద, అత్తల మీద వచ్చేవి నా పుస్తకంలో లేవు. వాటిలో మాట ఉండదు, మనిషిని తక్కువ చెయ్యడమే ఉంటుంది. కులం పేరు, ఒంటి లోపం, ఒకరి యాస, వీటిని పట్టుకుని చెప్పేవి కూడా అంతే. ఒక పెళ్లిలో ఎవరో ఇలాంటివి వరసగా పది చదివారు. పంక్తిలో కూర్చున్న ఆడవాళ్లు ఒక్కరూ తల ఎత్తలేదు. ఆ పూట ఎవరు నవ్వారో, ఎవరు నవ్వలేదో గుర్తుపెట్టుకున్నాను.

ఇంకో జాగ్రత్త. సరదా అర్థాన్ని అసలు వ్యుత్పత్తిలా చెప్పకండి. "ఆ ఊరికి ఈ పేరు ఇందుకే వచ్చింది" అని నవ్వుకోవడానికి చెప్పిన కథ ఫోన్లలో తిరిగి తిరిగి, రెండేళ్లలో చరిత్ర అయి కూర్చుంటుంది. రెండు పేజీలు వేరుగా ఉంచడం అందుకే.

ఇంట్లో ఆటగా ఆడుకోవచ్చా?

బ్రహ్మాండంగా. ఒకరు నిఘంటువు తీసి ఎవరికీ తెలియని మాట ఒకటి చదువుతారు. తరవాణి అనుకోండి. మిగతావాళ్లు తలో చీటీ మీద నమ్మేలా ఒక అర్థం రాసిస్తారు. నిఘంటువు పట్టుకున్నవాళ్లు అసలు అర్థం కూడా ఒక చీటీ మీద రాసి అన్నింటినీ కలిపి చదువుతారు. ఏది అసలుదో కనిపెట్టాలి. మీ చీటీని ఎవరైనా నమ్మితే మీకు పాయింటు. మా ఇంట్లో తరవాణికి "పాత పడవల్లో నీళ్లు తోడే చిప్ప" అని ఎవరో రాస్తే నలుగురు నమ్మారు. అసలైతే అన్నం, గంజి కలిపి కుండలో పులియబెట్టిన నీళ్లు, ఎండాకాలం పొద్దున్నే తాగేది. ఆ ఆట అయ్యాక మా అమ్మ తరవాణి కుండ పెట్టింది. మనవలు మొహం చిట్లించి తాగి, మర్నాడు మళ్లీ అడిగారు.

పిల్లలకు 'క' భాష కూడా నేర్పండి. ప్రతి అక్షరానికి ముందు క చేర్చి మాట్లాడటం. నువ్వు రా అనాలంటే "కను కవ్వు కరా". అక్షరం అంటే ఏమిటో, మాట ఎక్కడ విరుగుతుందో పాఠం చెప్పకుండానే తెలిసిపోతుంది.

పిల్లలు సొంతంగా నిర్వచనాలు చెప్పగలరా? ఏ వయసులో మొదలుపెట్టాలి?

వయసు లెక్క లేదు. చూసింది చూసినట్టు చెప్పే వయసైతే చాలు. కిందటి సంక్రాంతికి మా అన్నయ్య కూతురిని, ఏడేళ్లది, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించాను. మధ్యలో ఉండగా అటువైపు చూపిస్తూ "బాబాయ్, అవతలి ఒడ్డు అదేనా?" అంది. ఆయ్ అన్నాను. కాసేపు రెండు వైపులా చూసింది. తర్వాత "అక్కడికి వెళ్లాక అది ఇవతలి ఒడ్డు అయిపోతుందిగా, మరి అవతలి ఒడ్డుకి ఎప్పుడు వెళ్తాం?" అంది. టికెట్టు వెనక రాసుకోవడం మొదలుపెట్టాను: "అవతలి ఒడ్డు: మనం దిగగానే ఎదురుగా వెళ్లి నిలబడేది." వాక్యం పూర్తయ్యేలోపే పంటు నరసాపురం రేవుకు తగిలింది, బైకులన్నీ ఒకేసారి స్టార్ట్ అయ్యాయి.